కలుపు దాచుకున్న పాతర

జూన్‌లో తొలివాన పడితే మా పెరట్లో ముందుగా మొలిచేవి నేను వేసిన బెండ గింజలు కావు. వాన వెలిసిన మూడో రోజుకే నల్లరేగడి మీద ఎవరో ఆకుపచ్చ పొడి చల్లినట్టుంటుంది. వారం తిరిగేసరికి ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి గుర్తుపట్టవచ్చు: తుంగ, గరిక, గంగవాయిలి, పల్లేరు, అడవి తోటకూర, చెంచలి, గోడవారగా వయ్యారిభామ. ఆ గుంపులో బెండ మొలక ఎక్కడుందో కూర్చుని వెతుక్కోవాలి.

బళ్లారికి తూర్పుగా, హగరి వైపు పోయే దారిలో ఉంది మా ఇల్లు. వేదవతి నదినే ఇక్కడ హగరి అంటారు. మూడు గుంటల పెరడు. ఒక అంజూర చెట్టు, రెండు జామలు, ఒక నిమ్మ. మిగతా చోటంతా వంగ, మిరప, గోరుచిక్కుడు, పుండికూర, చలికాలంలో ఎర్రగడ్డలూ మెంతికూరా. కూరగాయలు పండించడం కష్టమనిపించలేదు. కలుపు దగ్గరే ఓడిపోతూ వచ్చాను. మొదటి ఏడు మూరెడు లోతున తవ్వాను. రెండో ఏడు ఇంకా లోతుకు పోయాను. తవ్వినకొద్దీ తుంగ ఎక్కువైంది. ఎదురింటి అవ్వ ఒకరోజు గోడ మీదుగా చూసి, "పీకేదీ నువ్వే, పెంచేదీ నువ్వే కదప్పా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాత చదివినకొద్దీ, మట్టిలో చేతులు పెట్టి చూసినకొద్దీ, అవ్వ చెప్పింది అక్షరాలా నిజమని తేలింది.

ఈ సీమలో ఒకప్పుడు జొన్నలను పాతరలో దాచేవాళ్లు. నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేసేవాళ్లు. పంట బాగా వచ్చిన ఏడు పాతర నిండేది, కరువు ఏడు మూత తెరుచుకునేది. కలుపు మొక్కలు చేసేదీ సరిగ్గా ఈ పనే. అవి తమ గింజల్నీ గడ్డల్నీ మన కాళ్ల కిందే పాతర వేసుకున్నాయి. పైన మనకు కనిపించే పచ్చదనం ఆ పాతరలోంచి ఈ ఏడు బయటికి తీసిన పిడికెడు మాత్రమే. ఏటా సాగులో ఉండే నేలలో ఒక్క చదరపు మీటరులో మొలకెత్తగల కలుపు గింజలు వేలల్లో ఉంటాయి. పైన కనిపించిన మొక్కను పీకి చేతులు దులుపుకుంటే పాతరకు ఏమీ కాదు.

ఆ గింజలు ఎన్నాళ్లు బతికుంటాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికాలో మిషిగన్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు విలియం బీల్ 1879లో ఒక పని చేశాడు. కలుపు ఎన్నిసార్లు తీస్తే పొలం శుభ్రపడుతుందన్నది అక్కడి రైతుల సందేహం. బీల్ 20 సీసాలు తీసుకుని, ఒక్కోదాంట్లో 21 రకాల మొక్కల గింజలు రకానికి 50 చొప్పున తడి ఇసుకతో కలిపి, నీళ్లు చేరకుండా మూతులు కిందికి వంచి పాతిపెట్టాడు. ఇన్నేళ్లకొకటి చొప్పున ఒక్కో సీసా తవ్వి తీస్తున్నారు. ఆయన తర్వాత వేరే శాస్త్రవేత్తలు, వాళ్ల తర్వాత మరో తరంవాళ్లు ఆ పని అందుకున్నారు. 2021 ఏప్రిల్‌లో తీసిన సీసాలో, 141 ఏళ్లు మట్టిలో ఉన్న ఒక రకం గింజలు 20 దాకా మొలకెత్తాయి. అన్ని కలుపు గింజలూ అంత కాలం బతకవు. చాలా రకాలు కొన్నేళ్లకే చచ్చిపోతాయి. అయినా ఈ ఏడు పూతకు వదిలేసిన ఒక్క మొక్క, మన పిల్లలు పెద్దయ్యేదాకా పెరట్లో మొలుస్తూ ఉండగలదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆ సీసాలను రాత్రిపూట, చీకట్లో తవ్వుతారు. ఎందుకంటే చాలా గింజలకు మట్టి తడి ఒక్కటే చాలదు, వెలుతురు తగలాలి. గింజలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు లెట్యూస్ గింజలతో దీని తీరు తేల్చారు. ఎర్రని వెలుతురు తగిలితే గింజ మేల్కొంటుంది. ఎరుపుకు అవతల, మన కంటికి ఆనీ ఆనని దూరపు ఎరుపు తగిలితే మళ్లీ నిద్రపోతుంది. ఎన్నిసార్లు మార్చి మార్చి చూపినా చివర ఏ వెలుతురు తగిలిందో దాని మాటే గింజ వింటుంది. పచ్చని ఆకు ఎండలోని ఎరుపును తాను వాడుకుని, దూరపు ఎరుపును కిందికి వదిలేస్తుంది. కాబట్టి గుబురుగా పెరిగిన పైరు కింద ఉన్న గింజకు "పైన ఎవరో ఉన్నారు, ఇప్పుడు లేవకు" అని కబురు అందుతుంది. పార వేసి మట్టిని తిరగేసినప్పుడు అందే కబురు వేరు. అడుగున పడుకున్న గింజకు క్షణంపాటు ఎండ తగిలినా చాలు, అది లేచిపోతుంది. నేను మూరెడు లోతున తవ్విన ప్రతిసారీ పాతర మూత తీసి పెట్టానన్నమాట.

మన నల్లరేగడి ఈ విషయంలో ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఇందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండకు పెరట్లో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటాయి. పైన రాలిన గింజలు, పొడి మట్టి ఆ నెర్రెల్లోకి జారిపోతాయి. వాన పడగానే నెర్రె మూసుకుంటుంది, అడుగు మట్టి ఉబ్బి పైకి తోసుకొస్తుంది. ఎవరూ దున్నకుండానే ఈ నేల తన్ను తాను మెల్లగా తిరగేసుకుంటుంది. అంటే ఇక్కడ పాతరను నింపేదీ తెరిచేదీ కూడా నేలే. పైగా తడిసిన రేగడిలో వారంపాటు కాలు పెట్టలేం. చెప్పుకు అంటుకున్న మన్ను సేరు బరువు తూగుతుంది. మనం లోపలికి అడుగుపెట్టే వేళకు కలుపు వేళ్లూనుకుని ఉంటుంది.

ఈ నేలతో తరతరాలుగా వేగినవాళ్లకు ఇది తెలుసు. బళ్లారి రేగడి చేలల్లో జొన్న, శనగ వేసేది వానాకాలం చివర, సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంతకుముందు నెలల్లో చేను ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రతి వానకూ కలుపు మొలవడం, ఆరగానే గుంటక తోలి పైపైన కోసేయడం జరుగుతూ ఉండేది. గుంటక రెండు మూడు అంగుళాలకు మించి దిగదు. పై పొరలో ఉన్న గింజలు మొలుస్తాయి, చస్తాయి. అడుగు పొర కదలదు. విత్తనం వేసేనాటికి పై పొర దాదాపు ఖాళీ. ఈ జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 500 మిల్లీమీటర్లు. ఇంత తక్కువ వానను నల్లనేలలో ఎలా ఇంకించి నిలపాలన్న ప్రశ్నతోనే 1930లలో హగరి క్షేత్రంలో మెట్టసేద్య పరిశోధన సాగింది. 1954లో బళ్లారిలో నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం ఏర్పడింది కూడా అందుకే. అంత కష్టపడి నిలిపిన నీటిని తాగడానికి ముందు వరసలో నిలబడేది కలుపే కాబట్టి, గుంటక తోలడం కలుపు పనీ అవుతుంది, నీటి పనీ అవుతుంది.

పెరటి మడికి నేను ఈ పద్ధతినే తెచ్చుకున్నాను. దీన్ని వట్టి తడి అంటాను. మడి చదును చేసి, ఎరువు కలిపి, గింజ వేయకుండా నీళ్లు పెడతాను. వారం, పది రోజుల్లో కలుపు మొలుస్తుంది. తొలికతో అంగుళం లోతు మించకుండా గీకేస్తాను. ఇంకో తడి, ఇంకోసారి గీకుడు. ఆ తర్వాతే మెంతులో ఎర్రగడ్డ నారో. మూడు వారాలు ఆలస్యమవుతుంది, నిజమే. కానీ కూరగాయలకు కలుపు వల్ల అసలు దెబ్బ తగిలేది మొదటి 30, 45 రోజుల్లోనే. ఎర్రగడ్డ సంగతి మరీ. దాని ఆకు సన్నగా గొట్టంలా నిలబడుతుంది, నేలకు నీడ ఇవ్వదు, కలుపును అణచే శక్తి దానికి ఏ దశలోనూ రాదు. గుమ్మడి, అలసంద అలా కాదు. నెల దాటితే అవే కప్పేసుకుంటాయి. ఉలవ చల్లి వదిలిన మూలలో నేను కలుపు తీయాల్సిన అవసరమే రాలేదు.

గింజల పాతర కథ ఇది. తుంగ వేరే జాతి. దాన్ని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

ప్రపంచంలోని కలుపు మొక్కలన్నిటినీ పోల్చి 1977లో శాస్త్రవేత్తలు వెలువరించిన గ్రంథంలో మొదటి స్థానం తుంగదే. అది గింజ మీద పెద్దగా ఆధారపడదు. నేలలో సన్నని తీగ సాగుతుంది, దాని చివర శనగగింజ నుంచి గోలీ అంత గడ్డ ఊరుతుంది. ఆ గడ్డ నుంచి మళ్లీ తీగ, మళ్లీ గడ్డ. పూసల దండలా గొలుసు పెరుగుతుంది. ఎక్కువ గడ్డలు పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. ఆయుర్వేదంలో తుంగముస్తలని వాడేది ఈ గడ్డల్నే. గొలుసులో ముందున్న గడ్డ మొలిస్తే వెనక ఉన్నవాటిని మొలవనీయదు. కొమ్మ చివర చిగురు బతికున్నంత కాలం పక్క కణుపులు నిద్రపోయినట్టే ఇదీ. ఒకటి పైకి వచ్చి ఆకు వేస్తే, పది కింద కాపలాకు ఉంటాయి.

నేను పారతో తెగనరికింది ఈ గొలుసునే. తెగిన ప్రతి ముక్కకూ తనే పెద్ద. అణచే గడ్డ లేదు కాబట్టి పదీ ఒకేసారి లేచాయి. అవ్వ అన్న మాటకు అర్థం ఇక్కడ పూర్తిగా తెలిసింది.

అయితే ఇదే విషయం మనకు అనుకూలంగా కూడా పనిచేస్తుంది. లేచిన ప్రతి గడ్డా తన నిల్వను ఖర్చు పెట్టుకునే లేస్తుంది. ఆకు వచ్చాక మూడు నాలుగు వారాలు ఎండ తిన్నాకే కొత్త గడ్డ పెట్టగలదు. అంతకు ముందే ఆకు తీసేస్తే దానికి ఖర్చే మిగులుతుంది, రాబడి ఉండదు. 1930లలో అమెరికాలోని అలబామాలో మూడు వారాలకొకసారి చొప్పున వరసగా రెండు సీజన్లు దున్ని, తుంగను నిర్మూలించి చూపించారు. ఒకసారి తవ్వి వదిలేస్తే తుంగకు పండగ, మూడు వారాలకొకసారి తప్పకుండా తీస్తే దానికి కరువు. క్యాలెండరులో ఆ తేదీలకు చుక్కలు పెట్టుకున్న ఏడు నుంచే మా పెరట్లో తుంగ తగ్గడం మొదలైంది.

వేసవి ఎండ ఇంకో ఆయుధం. గడ్డకు నీళ్లే ప్రాణం. మే నెలలో గడ్డల్ని పైకి తీసి, మట్టి దులిపి, వారం పది రోజులు ఎండలో పడేస్తే ఒట్టిపోతాయి. వేసవి దుక్కి లోతుగా ఉండాలన్న పెద్దల మాటకు తుంగ విషయంలో ఆధారం ఇదే. తవ్వకూడదని పైన చెప్పినదానికి ఇది విరుద్ధంగా అనిపించవచ్చు. గింజ కలుపుకు లోతు తవ్వకం చేటు, గడ్డ కలుపుకు ఎండాకాలపు తవ్వకం మందు. అందుకే ముందు మన నేలలో ఏది ఎక్కువుందో చూసుకోవాలి. వానాకాలంలో మాత్రం తుంగ మడిలో పార దించకండి.

మడి మీద నల్ల ప్లాస్టిక్ పరిస్తే కలుపు రాదని చాలామంది చెబుతారు. తుంగకు అది పనికిరాదు, కారణం చాలా ఆసక్తికరమైనది. పైకి వచ్చే తుంగ మొలకలో ఆకులు సూదిలా బిగిసి చుట్టుకుని ఉంటాయి. చీకట్లో ఉన్నంతసేపూ ఆ సూది అలాగే సాగుతూ పోతుంది. నల్ల షీటు కింద చీకటే కాబట్టి పొడుచుకుని బయటికి వచ్చేస్తుంది. కంటికి ఆరపార కనిపించే పలుచని షీటు పరిస్తే, దాని కిందే వెలుతురు తగిలి ఆకులు విచ్చుకుంటాయి. విచ్చుకున్న ఆకుకు పొడిచే శక్తి ఉండదు. అక్కడే చిక్కుకుని ఉడికిపోతుంది. ఇలా తడిపిన నేల మీద పారదర్శకమైన షీటు బిగించి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండ కాపడం పెట్టే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ప్రచారంలోకి తెచ్చారు. 1980లలో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో కంది, శనగల ఎండు తెగులు మీద దీన్ని పరీక్షించారు. బళ్లారి మే ఎండను తిట్టుకోనివాళ్లుండరు. ఆ ఎండ మనకు ఉచితంగా చేసిపెట్టగల పని ఇది. గింజ కలుపు చాలావరకు చస్తుంది. తుంగ మొలకలు మాడుతాయి కానీ లోతు గడ్డలు మిగులుతాయి, వాటికి మూడు వారాల లెక్క తప్పదు.

ఇంత ఎండలో మన టమాటో వాలిపోతుంటే తుంగ, గరిక, గంగవాయిలి నిగనిగలాడుతూ ఉండటం గమనించే ఉంటారు. ఆకు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును పట్టుకోవడానికి రుబిస్కో అనే ఎంజైము వాడుతుంది. వేడి పెరిగితే అది తడబడి, ఆ వాయువుకు బదులు ఆమ్లజనిని పట్టుకుంటుంది. పడ్డ కష్టంలో కొంత వృథా. టమాటో, వంగ, మిరప, చిక్కుళ్లు అన్నీ ఈ ఇబ్బంది పడేవే. జొన్న, సజ్జ, కొర్ర, చెరకు మాత్రం ముందుగా వాయువును వేరే గదిలో పోగుచేసి రుబిస్కో చుట్టూ దట్టంగా నింపుతాయి. దాంతో పొరపాటు జరగదు, నీళ్లూ దాదాపు సగమే ఖర్చవుతాయి. దీన్ని సీ-4 పద్ధతి అంటారు. తుంగ, గరిక, తోటకూర జాతులు, పల్లేరు, గంగవాయిలి అన్నీ సీ-4 మొక్కలే. ప్రపంచంలో అతి చెడ్డవిగా లెక్కించిన 18 కలుపు మొక్కల్లో 14 ఈ కోవకు చెందినవి. గంగవాయిలి ఇంకా గట్టిది. నీళ్లు మరీ తగ్గితే ఎడారి మొక్కల్లా రాత్రిపూట వాయువును పట్టి దాచుకునే పద్ధతికి కూడా మారగలదు. ఈ రెండు పద్ధతులూ దాని ఆకులో ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని 2022లో తేలింది. కాబట్టి ఏప్రిల్‌లో టమాటోను కలుపుతో పోటీకి దించడం గెలవలేని పందెం. ఆ నెలల్లో నేను తోటకూర వేస్తాను. అదీ సీ-4 మొక్కే, కలుపుతో సమానంగా ఉరుకుతుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు వెళ్లింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. కలుపు ఆ సరిహద్దు గీతను ఏనాడూ పట్టించుకోలేదు, పేర్లు మాత్రం మార్చుకుంది. అటు సర్కారు తుమ్మ అనేదాన్ని ఇటు కన్నడంలో బళ్లారి జాలి అంటారు. పుట్టిల్లు ఈ ఊరు కాదు, అమెరికా ఖండం. 1870లలో, ఈ సీమను ధాత కరువు పీల్చి పిప్పి చేసిన రోజుల్లోనే, మద్రాసు అటవీ శాఖవాళ్లు కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో దీన్ని నాటారు. మేకలు, గొర్రెలు కాయలు తిని పెంటికల్లో గింజలు మోసుకొస్తాయి. జీర్ణరసాలకు గింజ చావదు సరికదా, గట్టి పొట్టు మెత్తబడి ఇంకా బాగా మొలుస్తుంది. మాగని మేకల ఎరువును నేను పెరట్లో వేయడం మానేసింది ఇందుకే. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 55, 60 డిగ్రీలు, కొన్నాళ్లు నిలిస్తేనే అందులోని గింజలు చస్తాయి. జాలి మొలకను నేలమట్టానికి కోస్తే కింది మొగ్గల నుంచి మళ్లీ లేస్తుంది. చిన్నగా ఉండగానే జానెడు లోతు వేరుతో సహా తీయాలి.

వయ్యారిభామ మన దేశంలో మొదట కంటపడింది 1950ల మధ్యలో, పుణెలో. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. కర్ణాటక దాన్ని 1975లోనే హానికర కలుపుగా ప్రకటించింది. ఒక్క మొక్క 15 వేలకు పైగా గింజలు రాలుస్తుంది. మొలిచిన నెలకే పూస్తుంది. ముట్టుకుంటే కొందరికి చర్మం పొక్కుతుంది, పుప్పొడికి ఆయాసం వస్తుంది. పిల్లల చేత పీకించకండి. చేతులకు తొడుగు వేసుకుని పూతకు ముందే తీయండి. వానాకాలంలో దాని ఆకుల మీద నల్లచారలున్న చిన్న పెంకుపురుగు కనిపిస్తే చంపకండి. అది 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చి, మరుసటి ఏడు వదిలిన పురుగు. ఆ మొక్క మీదే బతుకుతుంది.

కలుపుకు ఉప్పునీళ్లు చల్లమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తుంగభద్ర కాలువల కింద ఎన్నో రేగడి చేలు ఇప్పటికే చౌడెక్కి బాధపడుతున్నాయి. తెలిసి తెలిసి పెరట్లో ఉప్పు పోసుకోవద్దు. గ్లైఫోసేట్ కూడా పెరటికి తగదు. నిద్రపోతున్న తుంగగడ్డలకు అది చేరదు, గాలికి తుంపర పడితే టమాటో మాత్రం చస్తుంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని శిక్షణ పొందిన నిర్వాహకులు తప్ప ఇతరులు చల్లకూడదని పరిమితి పెట్టింది.

చెట్ల పాదుల్లో నేను పార అసలు దించను. అంజూర వేళ్లు పైపైనే అల్లుకుంటాయి. పాదు మీద సిరుగుప్ప వైపు నుంచి వచ్చే వరిగడ్డి నాలుగు అంగుళాల మందాన పరుస్తాను. మొదలుకు ఆనించకుండా, చెదలు పట్టకుండా జానెడు ఎడం వదులుతాను. వెలుతురు అందక గింజలు లేవవు, తడి ఆరదు. గరిక తీగ అంచు నుంచి లోపలికి పాకితే చేత్తో లాగేస్తే చాలు. నీడకు అది ఓర్చుకోలేదు కాబట్టి జామ కింద దానంతటదే పలచబడింది.

అన్నిటినీ పీకి పారేయాల్సిన పనీ లేదు. గంగవాయిలి పప్పులో వేస్తే పుల్లగా, కమ్మగా ఉంటుంది. చెంచలి, పొన్నగంటి, లేత అడవి తోటకూర అన్నీ కూరాకులే. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలా విత్తకుండా వచ్చే ఆకుకూరల్ని పేరుపేరునా గుర్తించి, వాటి విలువ లోకానికి చెప్పాయి. పూతకు రాకముందే కోసుకుని తింటే పాతరకు గింజ చేరదు. ఒడిలో గంగవాయిలి పట్టుకుపోతూ అవ్వ అంటుంది, "ఇది నాకు ఇడిసిపెట్టు, తుంగ నువ్వు తీసుకో."

నిన్న సాయంత్రం దక్షిణపు మడికి వట్టి తడి పెట్టాను. ఇంకో వారానికి పచ్చదనం లేస్తుంది, తొలికకు పదును పెట్టి ఉంచాను. రెండో గీకుడు అయ్యాక ఎర్రగడ్డ నారు. తుంగ మడికి ఈసారి చుక్క పెట్టిన తేదీ ఆదివారం పడింది. పోయిన ఏడు ఆ మడిలో బుట్టెడు వచ్చింది, మొన్న తీసింది రెండు పిడికిళ్లు.